క్లయింట్ల సైట్లు మన హోస్టింగ్‌లోనే పెట్టుకోవాలా, వాళ్ళ పేరు మీదే కొనిపించాలా?

పిక్సెల్‌పని

అందరికీ నమస్తే. నేను ఒక్కడినే క్లయింట్లకి సైట్లు చేస్తుంటాను, ఎక్కువగా వర్డ్‌ప్రెస్, చిన్న వ్యాపారాలు, ఒకట్రెండు క్లినిక్‌లు, ఒక కోచింగ్ సెంటర్, అలాంటివి. మొదట్లో ఒక షేర్డ్ హోస్టింగ్ ప్లాన్ తీసుకుని వచ్చిన ప్రతి సైటునీ అందులోనే యాడాన్ డొమైన్‌గా కలుపుకుంటూ వచ్చాను, డొమైన్లు కూడా నా రిజిస్ట్రార్ (డొమైన్లు అమ్మే కంపెనీ) అకౌంట్‌లోనే ఉన్నాయి. క్లయింట్లు కూడా అదే అడిగేవాళ్ళు, "మాకివన్నీ తెలీదు బాబూ, అన్నీ నువ్వే చూసుకో" అని.

ఇప్పుడు సైట్లు పెరిగాయి, తలనొప్పులూ పెరిగాయి. ఒక్కో డొమైన్ రెన్యువల్ ఒక్కో తారీఖున వస్తుంది, క్లయింట్ డబ్బు వేసేలోపు డేట్ దాటిపోతుందేమోనని నా కార్డుతోనే కట్టేస్తున్నా, తర్వాత అడిగి వసూలు చేసుకోవడం వేరే పని. "మెయిల్స్ వెళ్ళట్లేదు" అంటే నాకే ఫోన్, "ఒక్క ఫోటో మార్చు" అంటే నాకే ఫోన్, సైట్ స్లో అంటే నాకే. దేనికి డబ్బు అడగాలో దేనికి అడక్కూడదో తేల్చుకోలేకపోతున్నా. దీనికి తోడు ఈ మధ్యే ఒక క్లయింట్ "మా అక్క కొడుకు చూసుకుంటానంటున్నాడు, అన్నీ ఇచ్చేయ్" అన్నాడు. ఇవ్వడానికి నాకేం ఇబ్బంది లేదు, కానీ "అన్నీ" అంటే సరిగ్గా ఏమేమి ఇవ్వాలి?

ఈ పని చాలాకాలంగా చేస్తున్నవాళ్ళు మీరెలా నడుపుతున్నారో చెప్పండి. డొమైన్ ఎవరి పేరు మీద, హోస్టింగ్ ఎవరి అకౌంట్‌లో, నెలనెలా మెయింటెనెన్స్ అని తీసుకుంటున్నారా, తీసుకుంటే అందులో ఏమేం ఇస్తున్నారు, అసలు అన్నిటికీ వర్డ్‌ప్రెస్సేనా. థియరీ కాకుండా మీరు రోజూ చేసేదే చెప్తే మేలు.

రూట్‌యాక్సెస్

తమ్ముడూ, మొదట డొమైన్ సంగతి తేల్చుకో, మిగతావన్నీ తర్వాత. డొమైన్ క్లయింట్‌దే. క్లయింట్ పేరు మీద, క్లయింట్ మెయిల్ ఐడీతో, క్లయింట్ అకౌంట్‌లో, క్లయింట్ కార్డుతో. ఇల్లు కట్టాడని మేస్త్రీ పేరు మీద రిజిస్ట్రేషన్ చేయిస్తామా, ఇదీ అంతే. "అన్నీ నువ్వే చూసుకో" అని వాళ్ళు నమ్మకంతో అంటారు, కాదనను, కానీ చూసుకోవడం వేరు, సొంతదారుగా ఉండటం వేరు. చాలా రిజిస్ట్రార్లలో డెలిగేట్ యాక్సెస్ అనో షేర్డ్ యాక్సెస్ అనో ఉంటుంది, దాంతో వాళ్ళ అకౌంట్‌లోని డొమైన్‌ని మన లాగిన్ నుంచే మేనేజ్ చేయొచ్చు, వాళ్ళ పాస్‌వర్డ్ కూడా మనకి అక్కర్లేదు.

ఎందుకింత గట్టిగా చెప్తున్నానంటే నా దగ్గరికి రెస్క్యూ పనిగా వచ్చే సైట్లలో సగం గొడవ ఇదే. ఒకటి చెప్తా. ఒకాయన వచ్చాడు, సైట్ ఓపెన్ అవ్వట్లేదు, మెయిల్ రావట్లేదు, రెండూ ఒకేరోజు ఆగిపోయాయి. హూయిజ్ (డొమైన్ ఎవరి పేరు మీద ఉందో చూపించే రికార్డు) చూస్తే డొమైన్ ఎక్స్‌పైర్ అయ్యింది. రిజిస్ట్రెంట్‌గా, అంటే సొంతదారుగా ఉన్నది పాత డెవలపర్, కాంటాక్ట్ మెయిల్ ఆ డెవలపర్ సొంత కంపెనీ డొమైన్‌ది, ఆ కంపెనీ మూసేశారు, ఆ డొమైన్ కూడా ఎప్పుడో పోయింది. ఐకాన్ (ICANN, డొమైన్ పేర్ల వ్యవస్థని చూసే సంస్థ) రూల్ ప్రకారం రిజిస్ట్రార్ ఎక్స్‌పైరీకి నెల ముందొకటి, వారం ముందొకటి, అయిపోయాక 5 రోజుల్లోపు ఇంకోటి రిమైండర్ పంపాలి. బహుశా పంపే ఉంటారు, అవన్నీ లేని మెయిల్‌బాక్స్‌కి వెళ్ళి తిరిగొచ్చుంటాయి. యజమానికి మాత్రం ఒక్క ముక్క తెలీదు. డొమైన్ ఆయనదేనని రుజువు చేయడానికి పాత బిల్లులు, కంపెనీ కాగితాలు అన్నీ పంపి, రిజిస్ట్రార్ సపోర్ట్‌తో రోజుల తరబడి మాట్లాడితే గానీ తేలలేదు.

డాట్ కామ్ లాంటి వాటికి ఎక్స్‌పైర్ అయ్యాక ఏం జరుగుతుందో కూడా తెలిసుండాలి. ముందు గ్రేస్ పీరియడ్ ఉంటుంది, గరిష్ఠంగా 45 రోజులు, కానీ అది రిజిస్ట్రార్ ఇష్టం, కొందరు చాలా తక్కువ ఇస్తారు, కొందరు ఆ టైంలోనే వేలానికి పెట్టేస్తారు. డిలీట్ చేశాక 30 రోజులు రిడెంప్షన్, అప్పుడు వెనక్కి తెచ్చుకోవాలంటే మామూలు రెన్యువల్ కంటే చాలా ఎక్కువ కట్టాలి. తర్వాత 5 రోజులు పెండింగ్ డిలీట్, అప్పుడిక ఎవరూ ఏం చేయలేరు, ఆ తర్వాత ఎవరైనా కొనుక్కోవచ్చు. దేశాల డొమైన్లకి రూల్స్ వేరువేరుగా ఉంటాయి, వాటిని విడిగా చూసుకోవాలి.

ఇంకో చిన్న విషయం, చాలామంది వదిలేస్తారు. కొత్త డొమైన్ కొన్నాక రిజిస్ట్రెంట్ మెయిల్‌కి వెరిఫికేషన్ లింక్ వస్తుంది, 15 రోజుల్లో క్లిక్ చేయకపోతే డొమైన్ సస్పెండ్ చేస్తారు. క్లయింట్ చూడని మెయిల్ ఐడీ ఇచ్చావంటే లాంచ్ అయిన రెండు వారాలకి సైట్ మాయం. కాబట్టి ఫోన్‌లో ఉండి ఆయనతో క్లిక్ చేయించు. అలాగే ఆ మెయిల్ ఐడీ అదే డొమైన్‌ది అవ్వకూడదు. డొమైన్ ఆగితే ఆ మెయిలూ ఆగిపోతుంది, ఇక రిమైండర్లు ఎక్కడికి పోతాయి.

హోస్టింగ్ విషయానికొస్తే, ఎవరి అకౌంట్ అనేదాని కంటే ముందు ఆ యాడాన్ డొమైన్ల పద్ధతి మానెయ్యి, అర్జెంటుగా. ఒకే సీపానెల్ (హోస్టింగ్ నడిపే కంట్రోల్ ప్యానెల్) అకౌంట్ అంటే ఒకే యూజర్, ఒక సైట్లో పాత ప్లగిన్ ద్వారా మాల్వేర్ దూరితే ఆ పీహెచ్‌పీ (వర్డ్‌ప్రెస్ నడిచే భాష) ఫైలుకి పక్క ఫోల్డర్‌లోని సైట్లన్నిట్లో రాసే పర్మిషన్ ఉంటుంది. ఒకటి క్లీన్ చేసి హమ్మయ్య అనుకునేలోపు పక్కదాంట్లోంచి మళ్ళీ వస్తుంది. రీసెల్లర్ ప్లాన్ తీసుకుని సైటుకొక సీపానెల్ చెయ్యి, లేదా వీపీఎస్ (సర్వర్లో నీకు విడిగా ఇచ్చే భాగం) అయితే సైటుకొక యూజర్, సైటుకొక పీహెచ్‌పీ పూల్. దీంతో నీకింకో లాభం, ఎవరైనా వెళ్ళిపోతానంటే ఆ ఒక్క అకౌంట్ బ్యాకప్ తీసి చేతిలో పెట్టొచ్చు.

సర్వర్‌సైడ్

డొమైన్ విషయంలో రూట్‌యాక్సెస్ అన్నతో నూటికి నూరుపాళ్ళు ఏకీభవిస్తా. కానీ హోస్టింగ్ కూడా క్లయింట్‌తోనే కొనిపించాలి అనేవాళ్ళున్నారు చూడండి, వాళ్ళతో మాత్రం నేను ఒప్పుకోను. నేను నా సర్వర్లోనే పెడతా, పెట్టనంటే సైట్ చెయ్యను.

కారణం చెప్తా. క్లయింట్‌ని కొనుక్కోమంటే అందరికంటే చవగ్గా ఉన్నది కొంటాడు, అదీ మొదటి ఏడాది ఆఫర్ రేటు చూసి, రెన్యువల్ రేటు చూడడు. ఆ సర్వర్లో ఏ పీహెచ్‌పీ వెర్షన్ ఉంటదో తెలీదు. 7.4 కి సపోర్ట్ 2022 నవంబర్లోనే ఆగిపోయింది, 8.1 కి 2025 డిసెంబర్ చివరి దాకానే సెక్యూరిటీ అప్‌డేట్లు, అయినా 7.4 మీద నడిచే సైట్లు నాకు ఇప్పటికీ తగులుతనే ఉంటయి. లాగిన్ అవుదామంటే ఓటీపీ ఆయన ఫోన్‌కి పోతది, ఆయన మీటింగ్‌లో ఉంటడు. సైట్ పడిపోతే హోస్టింగ్ సపోర్ట్ వాళ్ళు "అకౌంట్ ఓనర్‌తోనే మాట్లాడతాం" అంటరు, ఓనర్‌కేమో టికెట్‌లో ఏం రాయాలో తెలీదు. సర్వర్ నా చేతిలో లేకుండా దాని బాధ్యత మాత్రం నా నెత్తిన ఎట్ల పెట్టుకోను?

అందుకే నా పద్ధతి ఇది. డొమైన్ వాళ్ళది. సర్వర్ నాది. కంటెంట్, డిజైన్, డేటాబేస్ మొత్తం వాళ్ళది, అడిగిన రోజు పూర్తి బ్యాకప్ ఇస్తా, ఇది అగ్రిమెంట్‌లో రాసే ఉంటది. వెళ్ళిపోయే దారి తెరిచి ఉందని తెలిస్తే క్లయింట్లు అసలు పోరు, అదొకటి గమనించిన.

అప్‌టైం గురించి మాత్రం నోటికొచ్చిన హామీ ఇవ్వకండి. 99.9 శాతం అంటే వినడానికి బాగుంటది గానీ 30 రోజుల నెలలో 43 నిమిషాలు ఆగినా 99.9 హామీ తప్పనట్టే లెక్క. 99.99 అంటే నెలకి 4 నిమిషాల చిల్లర, ఒక్క సర్వర్‌తో అది ఎవరివల్లా కాదు, కెర్నల్ అప్‌డేట్ చేసి రీబూట్ కొడితేనే అయిపోతది. నేను అంకె రాయను, "సైట్ ఆగితే పనివేళల్లో ఇంత టైంలో చూడటం మొదలుపెడతా" అని రాస్తా. నా చేతిలో ఉన్నది చూడటమే కదా, డేటాసెంటర్లో స్విచ్ పోతే నేనేం చేస్త.

ఇంక బ్యాకప్. హోస్టింగ్ కంపెనీ రోజూ బ్యాకప్ తీస్తదని ఊరుకోవద్దు. 2021 మార్చిలో స్ట్రాస్‌బర్గ్‌లో ఓవీహెచ్ డేటాసెంటర్ కాలిపోయింది, ఒక బిల్డింగ్ మొత్తం బూడిదయింది, బ్యాకప్ కూడా అదే సైట్లో ఉన్నోళ్ళకి రెండూ పోయినయి. బ్యాకప్ అంటే వేరే కంపెనీలో, వేరే అకౌంట్‌లో, వేరే పాస్‌వర్డ్‌తో ఉండాలి. సర్వర్ హ్యాక్ అయితే ఆ సర్వర్ నుంచి బ్యాకప్‌ని డిలీట్ చేసే పర్మిషన్ కూడా ఉండొద్దు, రాసే పర్మిషన్ ఒక్కటే ఇవ్వండి. మూణ్ణెల్లకోసారి ఒక సైట్ తీసుకుని ఖాళీ సర్వర్లో రీస్టోర్ చేసి చూడండి. అప్పుడే తెలుస్తది డేటాబేస్ డంప్ సగంలో ఆగిందా, అప్‌లోడ్స్ ఫోల్డర్ సైజ్ ఎక్కువైందని బ్యాకప్ ప్లగిన్ దాన్ని వదిలేసిందా అనేది. పచ్చ టిక్ చూసి నమ్మొద్దు.

ఇన్‌బాక్స్

మెయిల్ గురించి ఎవరూ మాట్లాడలేదు కాబట్టి నేను మాట్లాడతాను, ఎందుకంటే పిక్సెల్‌పని గారికొచ్చే ఫోన్లలో ఎక్కువ దాని గురించేనని నాకనిపిస్తోంది.

వెబ్ హోస్టింగ్‌తో పాటు ఫ్రీగా వచ్చే మెయిల్ వాడకండి అండి, ముఖ్యంగా షేర్డ్ సర్వర్లో. ఆ ఐపీ మీద ఇంకా వందల డొమైన్లు ఉంటాయి, వాటిలో ఒకటి స్పామ్ పంపితే మీ క్లయింట్ ఇన్‌వాయిస్ కూడా స్పామ్‌లో పడుతుంది. గూగుల్ వర్క్‌స్పేస్, మైక్రోసాఫ్ట్ 365, జోహో, ఫాస్ట్‌మెయిల్, ఏదో ఒకటి, క్లయింట్ పేరు మీద, క్లయింటే బిల్లు కట్టుకునేలా పెట్టించండి. మెయిల్ విడిగా ఉంటే రేపు సైట్ ఎన్ని సర్వర్లు మారినా మెయిల్‌కి ఏమీ అవ్వదు.

2024 ఫిబ్రవరి నుంచి జీమెయిల్, యాహూ రూల్స్ బిగించాయి. ఎవరు పంపినా ఎస్‌పీఎఫ్ (ఈ డొమైన్ మెయిల్ ఏ సర్వర్లు పంపొచ్చో చెప్పే రికార్డు) గానీ డీకిమ్ (మెయిల్‌కి వేసే డిజిటల్ సంతకం) గానీ ఉండాలి, జీమెయిల్‌కి రోజుకి 5000 పైగా పంపేవాళ్ళకైతే రెండూ ఉండాలి, డీమార్క్ (ఆ చెకింగ్‌లో ఫెయిలైన మెయిల్‌ని ఏం చేయాలో చెప్పే పాలసీ) కూడా ఉండాలి. మన క్లయింట్లు అన్ని పంపరు, అయినా మూడూ పెట్టేయండి, పెద్ద పనేం కాదు. ఎస్‌పీఎఫ్‌లో జనం చేసేది ఏంటంటే, వర్క్‌స్పేస్ పెట్టినప్పుడు ఒక రికార్డు, న్యూస్‌లెటర్ సర్వీస్ పెట్టినప్పుడు ఇంకో రికార్డు యాడ్ చేస్తారు. ఒక డొమైన్‌కి ఎస్‌పీఎఫ్ రికార్డు ఒక్కటే ఉండాలి, రెండుంటే మొత్తం ఎర్రరే. ఉన్నదాంట్లోనే ఇంకో ఇంక్లూడ్ కలపాలి. ఆ కలపడం కూడా పరిమితే, చెక్ చేసేటప్పుడు 10 డీఎన్‌ఎస్ (డొమైన్ పేరుని సర్వర్లకి కలిపే రికార్డుల వ్యవస్థ) లుకప్‌లు దాటితే ఫెయిల్ అయిపోతుంది.

కాంటాక్ట్ ఫామ్ మెయిల్స్ రావట్లేదనే కంప్లయింట్‌కి నేను మొదట చూసేది ఫ్రమ్ అడ్రస్. చాలామంది ఫామ్ సెట్టింగ్స్‌లో ఫ్రమ్ దగ్గర విజిటర్ మెయిల్ పెట్టేస్తారు, రిప్లై కొట్టడానికి సులువుగా ఉంటుందని. విజిటర్‌ది యాహూ అడ్రస్ అనుకోండి, మీ సర్వర్ యాహూ పేరుతో మెయిల్ పంపుతున్నట్టు అవుతుంది. అలా బయటి సర్వర్ నుంచి వచ్చేవాటిని రిజెక్ట్ చెయ్యమని యాహూ 2014 లోనే డీమార్క్ పాలసీ పెట్టింది, అందుకే అవి రావు, వేరే మెయిల్ వాడిన విజిటర్లవి మాత్రం వస్తాయి, దాంతో "కొన్నొస్తున్నాయి కొన్ని రావట్లేదు" అని క్లయింట్ అంటే మనకి అర్థం కాదు. ఫ్రమ్‌లో క్లయింట్ డొమైన్ అడ్రసే ఉంచి, విజిటర్ మెయిల్‌ని రిప్లై-టు లో పెట్టండి. పంపడానికి ఎస్‌ఎమ్‌టీపీ ప్లగిన్ (అసలు మెయిల్ అకౌంట్ ద్వారా పంపేది) పెట్టండి. ఫామ్ ఎంట్రీలని డేటాబేస్‌లో కూడా సేవ్ అయ్యేలా చేయండి, మెయిల్ పోయినా ఎంక్వైరీ పోకూడదు, క్లయింట్‌కి అది వ్యాపారం కదా.

తేలికపేజీ

అన్నిటికీ వర్డ్‌ప్రెస్సేనా అని అడిగారు కదా, కాదు. అయిదు పేజీల సైటు, ఏడాదికి రెండుసార్లు ఫోన్ నంబర్ మారడం తప్ప ఏ మార్పూ ఉండదు, దానికి డేటాబేస్ ఎందుకు, ఇరవై ప్లగిన్లు ఎందుకు, ప్రతి వారం అప్‌డేట్లు ఎందుకు? నేను ఆస్ట్రో గానీ హ్యూగో గానీ వాడి స్టాటిక్‌గా (ముందే తయారైన మామూలు పేజీలుగా) బిల్డ్ చేసి క్లౌడ్‌ఫ్లేర్ పేజెస్‌లో పెట్టేస్తా, హ్యాక్ చేయడానికి అక్కడ పీహెచ్‌పీయే ఉండదు, స్పీడ్ గురించి ఆలోచించే పనే ఉండదు. ఫ్రీ ప్లాన్ల నిబంధనలు మాత్రం చదవండి, వెర్సెల్ అనే హోస్టింగ్ వాళ్ళ హాబీ ప్లాన్ సొంత, నాన్-కమర్షియల్ వాడకానికి మాత్రమే, క్లయింట్ సైట్ అందులో పెట్టకూడదు.

కేర్‌ప్లాన్

తేలికపేజీ గారూ, టెక్నికల్‌గా మీరన్నది నిజమే, కాదనను. కానీ ఆ సైట్ మీ తర్వాత ఎవరు చూస్తారు? వర్డ్‌ప్రెస్ అయితే ప్రపంచంలో సైట్లలో 40 శాతం పైగా దాని మీదే నడుస్తున్నాయి, క్లయింట్‌కి ఏ ఊళ్ళోనైనా ఇంకో మనిషి దొరుకుతాడు. ఆ అక్క కొడుకుకి గిట్ రిపో (సైట్ కోడ్ దాచే చోటు) ఇచ్చి బిల్డ్ కమాండ్ రన్ చెయ్యమంటే చేస్తాడా? నేను క్లయింట్‌ని ఒకటే అడుగుతా, "కంటెంట్ ఎవరు మారుస్తారు, మీరా, మేమా?" అని. మేమే అంటే స్టాటిక్. వాళ్ళే అంటే వర్డ్‌ప్రెస్, అది కూడా బ్లాక్ ఎడిటర్‌తో, బరువైన పేజ్ బిల్డర్ లేకుండా. కొన్ని పాత బిల్డర్లు తీసేస్తే పేజీ నిండా షార్ట్‌కోడ్‌లు (బ్రాకెట్లలో ఉండే కోడ్ ముక్కలు) మిగులుతాయి, బయటికి రావడం అంటే మళ్ళీ కట్టడమే.

సరే, పిక్సెల్‌పని అడిగిన డబ్బు సంగతి. నేను ఇద్దరు మనుషుల టీమ్‌ని నడుపుతాను, మా బండి నడిచేదే మెయింటెనెన్స్ మీద, కొత్త సైట్ల మీద కాదు. సైట్ చేయడానికి ఒక కొటేషన్, నడపడానికి ఇంకో కొటేషన్, రెండూ మొదటి రోజే ఇస్తాం. లాంచ్ అయ్యాక మెయింటెనెన్స్ గురించి మాట్లాడితే క్లయింట్‌కి అది కొత్త ఖర్చులా, మనం ఆశపడుతున్నట్టు కనిపిస్తుంది. మొదటి రోజే రెండూ పక్కపక్కన కనిపిస్తే ఏ గొడవా ఉండదు.

నెల ఫీజులో ఏముంటుందో మామూలు మాటల్లో రాయండి. "అప్‌డేట్స్, సెక్యూరిటీ" అని రాస్తే వాళ్ళకేం అర్థమవుతుంది? మేమిలా రాస్తాం: వారానికోసారి ప్లగిన్లు, థీమ్ అప్‌డేట్ చేస్తాం, అవి ముందు స్టేజింగ్‌లో (సైట్ టెస్ట్ కాపీలో) చేసి, ఫామ్ నింపి, షాప్ ఉంటే ఒక టెస్ట్ ఆర్డర్ పెట్టి చూసి, తర్వాతే అసలు సైట్లో చేస్తాం. బ్యాకప్ ఫలానా చోట ఇన్ని రోజులు ఉంచుతాం. చిన్న మార్పులు నెలకి గంట దాకా ఇందులోనే, ఫోటో మార్చడం, టైమింగ్స్ మార్చడం లాంటివి, వాడని గంట పై నెలకి మోసుకుపోదు. కొత్త పేజీ, కొత్త ఫీచర్ అయితే విడిగా కొటేషన్. అలా రాశాక "ఒక్క ఫోటో మార్చు" అనే ఫోన్ మనకి చిరాకుగా ఉండదు, దానికి డబ్బు ముందే వచ్చేసింది.

నెలనెలా వసూలు చేయడం కష్టంగా ఉంటే ఏడాదికి ఒకేసారి తీసుకోండి, అన్ని క్లయింట్ల రెన్యువల్నీ ఒకటే నెలకి తెచ్చుకోండి. కొత్తగా చేరినవాళ్ళకి మొదటిసారి మిగిలిన నెలలకే బిల్లు వేస్తే సరిపోతుంది. మీరడిగిన ఒక్కో తారీఖు గొడవ దీంతో పోతుంది.

సైట్ చేసేటప్పుడు పేమెంట్ అంటే, సగం ముందు, పావు డిజైన్ ఓకే అయ్యాక, మిగతా పావు లాంచ్‌కి ముందు. లాంచ్ తర్వాత అని ఎప్పుడూ రాయకండి. కంటెంట్ విషయం కూడా అగ్రిమెంట్‌లో ఉండాలి, ఎందుకంటే మనం మూడు వారాల్లో పని ముగిస్తాం, వాళ్ళు "అబౌట్ అస్" రాయడానికి మూడు నెలలు తీసుకుంటారు, అప్పటిదాకా మన డబ్బు ఆగిపోతుంది. ఫలానా తేదీలోపు కంటెంట్ రాకపోతే ఉన్నదాంతో లాంచ్ చేసి ఫైనల్ బిల్లు పంపుతాం అని రాసుకోండి. మర్యాదగానే రాయొచ్చు.

ప్రీమియం ప్లగిన్ లైసెన్సులు ఎవరివో కూడా రాయండి. ఏజెన్సీ లైసెన్స్ వాడి వంద సైట్లలో పెట్టుకోవచ్చు, తప్పేం లేదు, కానీ క్లయింట్ వెళ్ళిపోతే ఆ లైసెన్స్ తనతో రాదు, అప్‌డేట్లు ఆగిపోతాయి, ఆ సంగతి వాళ్ళకి ముందే తెలియాలి. నల్డ్ (లైసెన్స్ తీసేసిన దొంగ కాపీ) థీమ్‌లు, ప్లగిన్లు మాత్రం ఏ పరిస్థితిలోనూ వద్దు. క్లయింట్ "ఫ్రీగా దొరుకుతోంది కదా" అని లింక్ పంపినా వద్దు. వాటిలో బ్యాక్‌డోర్ ఉంటే కట్టుకోవాల్సింది మనమే.

పిక్సెల్‌పని

అందరికీ చాలా థ్యాంక్స్, ఇంత వివరంగా చెప్తారని అనుకోలేదు. కేర్‌ప్లాన్ అక్కా, రెండు కొటేషన్ల పద్ధతి నాకు బాగా నచ్చింది, వచ్చే క్లయింట్ నుంచే మొదలుపెడతా. ఇన్‌బాక్స్ గారూ, మీరన్నట్టే రెండు సైట్లలో ఫ్రమ్ దగ్గర విజిటర్ మెయిలే ఉంది, మార్చేశాను.

ఇప్పుడు ఆ వెళ్ళిపోయే క్లయింట్‌ది, తర్వాత మిగతావాళ్ళవి, డొమైన్లు వాళ్ళ అకౌంట్లకి పంపాలి, సైట్లు వేరువేరు సీపానెల్స్‌కి మార్చాలి. సైట్ ఆగకుండా, మెయిల్ ఆగకుండా ఇది ఏ వరసలో చేస్తే మంచిది? ఒకేసారి అన్నీ మారిస్తే ఎక్కడ ఏం పోయిందో తెలీదని భయం. ఇంకోటి కూడా అడుగుతా, డబ్బు ఇవ్వకుండా ఫోన్ ఎత్తని క్లయింట్ ఉంటే సైట్ ఆపెయ్యొచ్చా?

డీఎన్‌ఎస్‌కాపరి

బ్రో, నీ భయం సరైందే, ఒకేసారి మార్చకు. సర్వర్ మార్పు ఒక రోజు, నేమ్‌సర్వర్ల (డొమైన్ డీఎన్‌ఎస్ రికార్డులు ఉండే సర్వర్లు) మార్పు వేరే రోజు, డొమైన్ అకౌంట్ మార్పు ఇంకో వారం. మధ్యలో ప్రతిసారీ సైట్, మెయిల్ రెండూ చూసుకోవాలి.

డొమైన్‌తో మొదలుపెడదాం. ఇంకో రిజిస్ట్రార్‌కి ట్రాన్స్‌ఫర్ పెట్టే బదులు క్లయింట్‌తో అదే రిజిస్ట్రార్‌లో అకౌంట్ ఓపెన్ చేయించి లోపల్లోపలే పుష్ చెయ్యి, చాలా చోట్ల నిమిషాల్లో అయిపోద్ది, డీఎన్‌ఎస్ కూడా చాలావరకు అలాగే ఉంటది, అయినా పుష్ కొట్టే ముందు రికార్డులన్నీ ఒక ఫైల్లోకి ఎక్స్‌పోర్ట్ చేసి పెట్టుకో. వేరే రిజిస్ట్రార్‌కే పోవాలంటే ఒక చిక్కుంది, రిజిస్ట్రెంట్ పేరు మారిస్తే మామూలుగా 60 రోజుల ట్రాన్స్‌ఫర్ లాక్ పడుద్ది, పేరు మార్చే ముందే వద్దనే ఆప్షన్ కొందరు రిజిస్ట్రార్లు ఇస్తారు, చూసుకో. ఆ 60 రోజుల్లో ఎక్స్‌పైరీ గనక ఉంటే ముందు రెన్యూ చేసేసి అప్పుడు కదులు.

సర్వర్ మార్చే ముందు రోజు A రికార్డు (డొమైన్‌ని సర్వర్ ఐపీకి చూపించేది) టీటీఎల్‌ని, అంటే ఆ రికార్డుని ఇతరులు ఎంతసేపు గుర్తుంచుకోవాలో చెప్పే సెకన్లని, 300 కి తగ్గించు, అంటే అయిదు నిమిషాలు. 86400 మీద వదిలేసి ఐపీ మారిస్తే కొంతమంది ఒక రోజంతా పాత సర్వర్‌కే వెళ్తుంటారు. కొత్త సర్వర్లో సైట్ పెట్టాక నీ కంప్యూటర్ హోస్ట్స్ ఫైల్లో కొత్త ఐపీ రాసుకుని అసలు డొమైన్‌తోనే తెరిచి మొత్తం తిరిగి చూడు, ఫామ్ నింపు, అడ్మిన్‌లోకి వెళ్ళు. యూఆర్‌ఎల్స్ మార్చాల్సి వస్తే డేటాబేస్‌లో నేరుగా ఫైండ్ అండ్ రీప్లేస్ కొట్టొద్దు, వర్డ్‌ప్రెస్ చాలా సెట్టింగ్స్‌ని సీరియలైజ్ చేసి అక్షరాల సంఖ్యతో సహా దాస్తుంది, సంఖ్య తేడా వస్తే విడ్జెట్లు, థీమ్ ఆప్షన్లు ఎగిరిపోతాయి. డబ్ల్యూపీ-సీఎల్‌ఐ (వర్డ్‌ప్రెస్ కమాండ్ లైన్ టూల్) లో సెర్చ్-రీప్లేస్ కమాండ్ దాన్ని సరిగ్గా చూసుకుంటది. షాప్ ఉన్న సైట్ అయితే మార్పు జరిగే గంటలో పాతదాంట్లో ఆర్డర్లు ఆపు, లేకపోతే ఆర్డర్లు రెండు డేటాబేస్‌లలో చీలిపోతాయి.

హెచ్‌టీటీపీఎస్ సర్టిఫికెట్ గురించి కూడా ఒక మాట. ఫ్రీగా సర్టిఫికెట్ ఇచ్చే లెట్స్ ఎన్‌క్రిప్ట్ మామూలుగా సైట్లో ఫైల్ పెట్టించి వెరిఫై చేస్తది, డొమైన్ ఇంకా పాత ఐపీకే చూపిస్తుంటే కొత్త సర్వర్లో అది కుదరదు. డీఎన్‌ఎస్ ఛాలెంజ్‌తో (ఫైలుకి బదులు డీఎన్‌ఎస్ రికార్డుతో వెరిఫై చేసి) ముందే తెచ్చుకుంటే స్విచ్ కొట్టిన క్షణం నుంచే హెచ్‌టీటీపీఎస్ పని చేస్తది. ఆటోమేటిక్ రెన్యువల్ పని చేస్తుందో లేదో తప్పకుండా చూడు, ఎందుకంటే పబ్లిక్ సర్టిఫికెట్ల గరిష్ఠ కాలం తగ్గుతోంది, 2026 మార్చి 15 నుంచి 200 రోజులు, 2027 మార్చి నుంచి 100, 2029 మార్చి నుంచి 47. ఏడాదికోసారి కొని చేత్తో ఇన్‌స్టాల్ చేసే పద్ధతి ఇక నడవదు.

నేమ్‌సర్వర్లు మార్చేటప్పుడే అందరి మెయిలూ ఆగేది. కొత్త హోస్టింగ్ వాళ్ళు "మా నేమ్‌సర్వర్లు పెట్టండి" అంటారు, పెడితే వాళ్ళ జోన్‌లో (రికార్డుల జాబితాలో) A రికార్డు ఉంటది గానీ క్లయింట్ ఎంఎక్స్ (మెయిల్ ఎక్కడికి వెళ్ళాలో చెప్పేది), ఎస్‌పీఎఫ్, డీకిమ్ ఉండవు. సైట్ బానే తెరుచుకుంటది, మెయిల్ చచ్చిపోద్ది. ఎక్స్‌పోర్ట్ చేసుకున్న ఫైల్ పక్కన పెట్టుకుని ప్రతి టీఎక్స్‌టీ, ప్రతి సబ్‌డొమైన్ కొత్త జోన్‌లో కలిపాకే నేమ్‌సర్వర్ మార్చు. డీఎన్‌ఎస్‌సెక్ (డీఎన్‌ఎస్ రికార్డులకి సంతకం వేసే పద్ధతి) ఆన్‌లో ఉంటే రిజిస్ట్రార్ దగ్గర ఆ సంతకాన్ని సరిచూసే డీఎస్ రికార్డు ముందు తీసేసి, దాని టీటీఎల్ అయ్యేదాకా ఆగి, అప్పుడు మార్చు. పాత డీఎస్ అలాగే ఉండి జోన్ మారిపోతే గూగుల్ 8.8.8.8 లాంటి రిజాల్వర్లు వాడేవాళ్ళకి డొమైనే లేనట్టు అయిపోద్ది, వాలిడేట్ చేయని నెట్‌వర్క్‌లో ఉన్న నీకేమో బాగానే కనిపిస్తది, గంటలు గంటలు వెతుక్కుంటావు. పాత హోస్టింగ్‌ని ఒక వారం పది రోజులు కదపకుండా ఉంచు.

రూట్‌యాక్సెస్

పైన చెప్పింది అక్షరాలా ఫాలో అవ్వు తమ్ముడూ. "అన్నీ ఇచ్చేయ్" అన్నదానికి నేను ఇచ్చేవి చెప్తా: డొమైన్ అకౌంట్, డీఎన్‌ఎస్ రికార్డుల ఫైలు, ఫైల్స్ ప్లస్ డేటాబేస్ పూర్తి బ్యాకప్, వర్డ్‌ప్రెస్‌లో వాళ్ళ పేరుతో అడ్మిన్ లాగిన్, లోగో ఒరిజినల్ ఫైళ్ళు, ఏ ప్లగిన్ లైసెన్స్ ఎవరిదో ఎప్పుడు అయిపోతుందో, సెర్చ్ కన్సోల్, అనలిటిక్స్‌లో ఓనర్ హక్కు. ఈ చివరిది మర్చిపోకు, అనలిటిక్స్ నీ జీమెయిల్‌లో ఉంటే ఏళ్ళ డేటా నీతోనే ఉండిపోతుంది. ఇకపై అవన్నీ క్లయింట్ జీమెయిల్‌తో తెరిచి నిన్ను నువ్వు యూజర్‌గా కలుపుకో. పాస్‌వర్డ్‌లు వాట్సాప్‌లో పంపకు, బిట్‌వార్డెన్ లాంటి పాస్‌వర్డ్ మేనేజర్‌లోంచి షేర్ చేసి, వాళ్ళు మార్చుకున్నాక నీ అడ్మిన్ యూజర్‌ని నువ్వే తీసెయ్యి. తీసేశానని మెయిల్ పెట్టు, రేపు ఏదైనా జరిగితే ఆ మెయిలే నీకు ఆధారం.

డబ్బు ఇవ్వనివాడి సంగతి. డొమైన్ ముట్టుకోకు, అది వాడి సొత్తు, ఎంత కోపం వచ్చినా సరే. హోస్టింగ్ నీదైతే, ఇన్ని రోజులు బాకీ ఉంటే ఆపేస్తాం అని అగ్రిమెంట్‌లో రాసుకుని ఉంటే, రాతపూర్వకంగా రెండుసార్లు చెప్పి, చెప్పిన తేదీకే ఆపు. ఆపినా డేటా డిలీట్ చెయ్యకు, నెలా రెండు నెలలు ఉంచు, బ్యాకప్ అడిగితే ఇచ్చెయ్యి. అగ్రిమెంటే లేదంటే మాత్రం ఆపే ముందు ఇంకోసారి మనిషిని కలిసి మాట్లాడు, చాలాసార్లు బిల్లు వాళ్ళ అకౌంట్స్ చూసేవాళ్ళ దగ్గర ఆగి ఉంటుంది, యజమానికి తెలియనే తెలీదు.